టీసీ పెట్టాలా, క్రాప్ చెయ్యాలా: పార్కింగ్‌లో కొలిచిన లెక్క

దూరపు పిట్టని పెద్దగా చూపించడానికి కెమెరాకీ లెన్స్‌కీ నడుమ బొమ్మని పెద్దది చేసే టెలికన్వర్టర్ (టీసీ) పెట్టాలా, లేక తీసిన ఫొటో అంచులు కోసేసి (క్రాప్ చేసి) పెంచాలా? ఆ పరీక్షకి మొదట తీసిన 96 ఫ్రేములూ పారేశాను. ఎందుకు పారేశానో రాసి పెడితే ఇంకొకరికి ఆ రెండు రోజులు మిగులుతాయని ఈ డైరీ మొదలుపెట్టాను.

సామాను: నికాన్ డీ500 బాడీ, 200-500 మిల్లీమీటర్ల ఎఫ్/5.6 జూమ్, 1.4 రెట్ల టెలికన్వర్టర్ టీసీ-14ఈ మూడో తరం. తర్వాత రెండు రోజులు అద్దెకు తెచ్చినవి 70-200 ఎఫ్/2.8 జూమ్, రెండు రెట్ల టీసీ-20ఈ మూడో తరం.

తేలాల్సిన సంగతి ఒక్కటే. డీ500 ఫొటో 5568 × 3712 పిక్సెళ్ళు, అంటే 20.7 మెగాపిక్సెళ్ళు. 500 దగ్గర తీసి 1.4 రెట్లు క్రాప్ చేస్తే 3977 × 2651 మిగులుతుంది, అంటే 10.5 మెగాపిక్సెళ్ళు. టీసీ పెడితే అంతే మేర దృశ్యం మీద మొత్తం 20.7 మెగాపిక్సెళ్ళూ పరుచుకుంటాయి. దానికి బదులుగా ఒక స్టాప్ వెలుతురు, అంటే సగం, పోతుంది, ఎఫ్/5.6 కాస్తా ఎఫ్/8 అవుతుంది (ఎఫ్ నంబరు పెద్దదైతే సెన్సర్ మీద పడే వెలుతురు తక్కువ). ఆ రెట్టింపు పిక్సెళ్ళలో కొత్త వివరం ఎంత వస్తోంది? ఎంతో కొంత వస్తే, ఎప్పుడు వస్తోంది?

దశ 1: మేడ మీద, పగలు 11 గంటలకి (రద్దు)

నీళ్ళ ట్యాంకు గోడకి దినపత్రికలో క్లాసిఫైడ్ ప్రకటనల పేజీ అంటించి, 15 మీటర్ల దూరాన ట్రైపాడ్ నిలబెట్టాను. టీసీ లేకుండా 48, టీసీతో 48 ఫ్రేములు. కంప్యూటర్‌లో రెండూ 100 శాతం సైజులో పక్కపక్కన పెడితే టీసీ ఫొటో పాలిపోయి, అక్షరాల అంచులు ఉబ్బినట్టు కనిపించింది. ఆ రాత్రి నోట్‌బుక్‌లో "టీసీ వద్దు, అమ్మేయాలి" అని రాసుకున్నాను.

మర్నాడు అవే ఫైళ్ళు వరసగా తిప్పుతుంటే అసలు సంగతి బయటపడింది. టీసీ లేని 48 ఫ్రేముల్లో కూడా ఏ రెండూ ఒకేలా లేవు. ఒక ఫ్రేములో శుభ్రంగా చదవగలిగిన ఫోన్ నంబరు తర్వాతి ఫ్రేములో కలిసిపోయింది. మళ్ళీ మేడెక్కి, లైవ్ వ్యూ (కెమెరా వెనక తెర మీది బొమ్మ) పూర్తిగా పెద్దది చేసి చూశాను. అక్షరాలు నీళ్ళ అడుగున ఉన్నట్టు కదులుతున్నాయి. ఎండకి కాగిన శ్లాబు మీద గాలి వణుకుతోంది. రెండు రోజులూ నేను కొలిచింది ఆ గాలినే.

కూర్చుని చూస్తే తప్పులు మూడు తేలాయి:

1. వేడి గాలి. మార్పు: నీడపట్టున, లోపల తియ్యాలి.
2. 100 శాతం పోలిక. టీసీ ఫొటోలో అక్షరం 1.4 రెట్లు పెద్దగా పడుతుంది కాబట్టి దాని మసక కూడా 1.4 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. ఆ పోలికలో టీసీ ప్రతిసారీ ఓడిపోతుంది. మార్పు: క్రాప్ ఫొటోని 1.4 రెట్లు పెంచి, రెండూ ఒకే సైజుకి వచ్చాకే పక్కపక్కన పెట్టాలి.
3. దినపత్రిక. "అద్దెకు" అన్న మాటలో "ద్దె" మసకగా ఉన్నా మన కన్ను చదివేస్తుంది, ఎందుకంటే అక్కడ ఏముండాలో మనకి ముందే తెలుసు. మార్పు: అర్థం లేని అక్షరాల వరసలు కావాలి.

రెండో తప్పు గురించి ఇంకొక్క మాట. "టీసీ పెడితే సాఫ్ట్ అయిపోతుంది" అని నాకు చెప్పినవాళ్ళందరినీ ఎలా చూశారని అడిగాను. అందరూ 100 శాతంలోనే చూశారు. ఈ డైరీలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుంటే చాలనుకుంటున్నాను.

ఇప్పటిదాకా: ఫ్రేములు 96, పనికొచ్చినవి 0, ఖర్చు 0.

దశ 2: చార్టు తయారీ

లెన్స్ పరీక్షలకి గీతల చార్టులు వాడతారు. నాకవి నచ్చలేదు. గీతలు విడివిడిగా ఉన్నాయా, కలిసిపోయాయా అని తేల్చేది నా కన్నే, నా కన్నేమో అప్పటికే ఒక పక్షం పట్టేసింది. తప్పో ఒప్పో లెక్కపెట్టగలిగే చార్టు కావాలి.

దానికి మన లిపి బాగా పనికొచ్చింది. ర, ఠ పక్కపక్కన రాసి చూడండి. తేడా అంతా పొట్టలో చుక్కే. ధ, థ కూడా అంతే. డ, ఢలకి తేడా కింద ఉండే చిన్న గీత. బ, భలకి ఆ గీతతోపాటు తలకట్టు కూడా. చుక్క కనిపిస్తేనే ఠ అని చెప్పగలం, లేదంటే ఊహించాలి. ఈ నాలుగు జంటలతో వరసకి 20 అక్షరాలు, క్రమం లేకుండా కలిపేశాను. వరసల సైజులు పై నుంచి కిందకి: 10, 9, 8.5, 8, 7.5, 7, 6.5, 6, 5.5, 5 పాయింట్లు. 10 పాయింట్ల "ర" ఎత్తు స్కేలుతో కొలిస్తే 2 మిల్లీమీటర్ల దగ్గర తేలింది.

మొదటి ప్రింటు పక్క వీధి షాపులో ఇంక్‌జెట్ మీద, మామూలు జిరాక్స్ కాగితం మీద తీయించాను. 15 మీటర్ల నుంచి 6 పాయింట్ల వరస ఏ సెట్టింగుతోనూ చదవలేకపోయాను. లెన్స్ హద్దు ఇదే కాబోలనుకుని 84 ఫ్రేములు తీశాక, కాగితాన్నే భూతద్దంతో చూశాను. 6 పాయింట్ల ఠ పొట్టలో సిరా పాకి, చుక్క పూర్తిగా మూసుకుపోయి ఉంది. కాగితం మీదే లేని చుక్క ఫొటోలో ఎలా వస్తుంది! ఆ 84 ఫ్రేములూ పోయాయి.

రెండోసారి చేసిన తీరు:

1. లేజర్ ప్రింటర్, 1200 డీపీఐ, నున్నటి 100 జీఎస్ఎమ్ కాగితం.
2. షాపులోనే భూతద్దంతో 5 పాయింట్ల వరస చూసుకోవడం. అందులో ప్రతి చుక్కా విడిగా కనిపిస్తేనే డబ్బులిచ్చాను.
3. ముడత లేకుండా ఫోమ్ బోర్డు మీద అంటించడం.
4. బోర్డు నడుమ రూపాయి బిళ్ళంత అద్దం ముక్క.

ఆ అద్దం వల్ల పని చాలా తేలికైంది. చార్టు కెమెరాకి ఏ కాస్త వంకరగా ఉన్నా ఒక మూల మసకబారి, ఆ నేరం లెన్స్ మీదకి పోతుంది. లైవ్ వ్యూలో అద్దం నడుమ నా లెన్స్ ప్రతిబింబమే కనిపించేదాకా బోర్డుని సర్దితే చార్టు సెన్సర్‌కి ఎదురుగా, తిన్నగా ఉన్నట్టే. ఇందుకు రెండు నిమిషాలు చాలు.

ఇప్పటిదాకా: ఫ్రేములు 180, పనికొచ్చినవి 0. ఖర్చు: ఇంక్‌జెట్ ప్రింట్లు 40, ఫోమ్ బోర్డు 110, లేజర్ ప్రింట్లు 45, అద్దం 30. మొత్తం రూ. 225.

దశ 3: అపార్ట్‌మెంట్ పార్కింగ్

మాది గుంటూరు. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి 20 మీటర్లకి పైనే ఉంటుంది. మేస్త్రీ దగ్గర 30 మీటర్ల టేపు అడిగి తెచ్చి, పిల్లర్ మీది చార్టు నుంచి సరిగ్గా 15 మీటర్లకి నేల మీద సుద్దగీత గీశాను. టేపు కొలత బాడీ మీద సెన్సర్ గుర్తు దాకా. రాత్రి 11 దాటాక పని.

మొదటి రాత్రి రెండు ఇబ్బందులు వచ్చాయి. సెకనులో 250వ వంతు షట్టర్‌తో తీస్తే ఒక ఫ్రేము వెలుతురుగా, తర్వాతిది చీకటిగా వస్తోంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. సరేనని షట్టర్ 25వ వంతుకి దించితే వెలుతురు నిలకడగా వచ్చింది కానీ ఫొటో కదిలింది. 500 మిల్లీమీటర్ల దగ్గర ట్రైపాడ్ పక్కన నేను కాలు మార్చుకున్నా లైవ్ వ్యూలో చార్టు ఊగుతోంది. వాచ్‌మన్ సైకిల్ స్టాండు వేసినప్పుడు కూడా ఊగింది. వీఆర్ (లెన్స్‌లో వణుకు తగ్గించే ఏర్పాటు) ఆన్ చేసి, ఆఫ్ చేసి రెండు రకాలుగానూ తీశాను. ట్రైపాడ్ మీద ఆన్‌లో ఉంటే ఫ్రేము ఫ్రేముకీ తేడా మరీ పెరిగింది, అందుకే ఆపేశాను.

రెండు ఇబ్బందులకీ ఒకే మందు ఫ్లాష్. చార్టుకి మీటరు దూరంలో, పక్కనుంచి 45 డిగ్రీల కోణంలో ఫ్లాష్ పెట్టి, రేడియో ట్రిగ్గర్‌తో పేల్చాను. తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగేది సెకనులో కొన్ని వేలవ వంతు మాత్రమే, ఆ లోపల ట్రైపాడ్ కదలడానికి వ్యవధి ఉండదు. షట్టర్ 200వ వంతు, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 200 పెడితే ట్యూబ్‌లైట్ల వెలుతురు ఫొటోలోకి దాదాపు రాదు.

1. ఎఫ్/5.6కి ఫ్లాష్ పవర్ 1/32.
2. ఎఫ్/8కి 1/16, ఎఫ్/11కి 1/8, ఎఫ్/16కి 1/4. ఎఫ్ నంబరు ఒక స్టాప్ మారితే పవర్ కూడా ఒక స్టాప్.
3. ఫోకస్ చేసేటప్పుడు మాత్రం చార్టు మీద టార్చి. తర్వాత ఆర్పేయాలి.
4. కెమెరా లోపలి మిర్రర్ ముందే లేపి, రిమోట్‌తో క్లిక్.

ఈ అమరికతో ఒకే సెట్టింగు మీద వరసగా తీసిన పది ఫ్రేములు పక్కపక్కన పెడితే తేడా కనిపెట్టలేకపోయాను. మొదటిసారిగా నేను కొలుస్తున్నది లెన్స్‌నే అని నమ్మకం కుదిరింది.

ఇప్పటిదాకా: ఫ్రేములు 300, పనికొచ్చినవి 10. ఖర్చు అదే రూ. 225.

దశ 4: ఫోకస్ సవరణ

డీఎస్ఎల్ఆర్‌లో మామూలుగా ఫోకస్ చేసేది కింద విడిగా ఉన్న సెన్సర్. బాడీ, లెన్స్ కలిసినప్పుడు కొంచెం ముందుకో వెనక్కో తేడా రావడం సహజం, టీసీ చేరితే అది మూడో సామాను. 15 మీటర్ల దగ్గర 500 మిల్లీమీటర్లు, ఎఫ్/5.6కి పిక్సెల్ స్థాయిలో లెక్కేస్తే షార్ప్‌గా ఉండే లోతు 4 సెంటీమీటర్లు. అంత సన్నని పొరలో ఫోకస్ రెండు సెంటీమీటర్లు తప్పినా పోలిక చెడిపోతుంది.

స్కేలుని 45 డిగ్రీల వాలుగా పెట్టి, వ్యూఫైండర్ నుంచి ఫోకస్ చేస్తూ ఒక్కో సెట్టింగుకి పది చొప్పున తీశాను. టీసీ లేకుండా నా జోడీకి కెమెరా మెనూలో ఫోకస్ సవరణ -3 సరిపోయింది. టీసీతో +7 కావాలి. అంటే పది మెట్ల తేడా. ఈ సవరణ లేకుండా పోల్చి ఉంటే టీసీ ప్రతి ఫ్రేములోనూ ఫోకస్ తప్పిన ఫొటోతో పోటీ చేసేది.

డీ500లో లైవ్ వ్యూ ఆధారంగా తనంతట తనే సవరించుకునే సదుపాయం ఉంది. నేను అది మూడుసార్లు చేస్తే మూడు విలువలు వచ్చాయి. మొదలు పెట్టడానికి అది మంచిదే, చివరి మాట మాత్రం వాలు స్కేలుది. జూమ్‌కి ఒకే విలువ పెట్టగలం కాబట్టి 500 దగ్గరే సరిచేశాను, పిట్టల కోసం నేను వాడేది అక్కడే.

చార్టు పరీక్షకి మాత్రం ఈ సవరణని కూడా నమ్మలేదు. లైవ్ వ్యూలో ఫోకస్, ప్రతి ఫ్రేముకి ముందు రింగు తిప్పి ఫోకస్ చెడగొట్టి మళ్ళీ మొదటి నుంచి, ఒక్కో సెట్టింగుకి ఆరు ఫ్రేములు, ఆరింటిలో మంచిదే లెక్క.

ఇప్పటిదాకా: ఫ్రేములు 410.

దశ 5: 200-500, 15 మీటర్ల దగ్గర

రా ఫైళ్ళు (కెమెరా మార్పులేవీ చెయ్యనివి) ఫొటోలు సవరించే సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్‌లో తెరిచి, టీసీ లేని వాటిని క్రాప్ చేసి 1.4 రెట్లు పెంచాను. షార్పెనింగ్ (అంచులకి పదును పెట్టడం) విషయంలో మొదట రెండింటికీ ఒకే విలువ పెట్టాను, అది కూడా తప్పే. టీసీ ఫొటోలో అంచు ఎక్కువ పిక్సెళ్ళ మీద పరుచుకుంటుంది కాబట్టి దానికి రేడియస్ (పదును పాకే వెడల్పు) పెద్దది కావాలి. క్రాప్‌కి 0.7, టీసీకి 1.1 దగ్గర రెండూ తమ మంచి స్థితికి వచ్చాయి. కాంట్రాస్ట్ కూడా టీసీకి కొద్దిగా పెంచాల్సి వచ్చింది.

చదివింది నేను కాదు. ఇంటర్ చదివే మా మేనకోడలికి పేర్లు తీసేసి, నంబర్లు మాత్రం పెట్టిన ఫైళ్ళు ఇచ్చాను. ఏది టీసీదో తనకి తెలియదు. మొదటి రోజు ఇలా అయింది:

"మామయ్యా, ఈ వరసలో మూడోది ర నో ఠ నో తెలియట్లేదు, వదిలెయ్యనా?"

"వదలొద్దమ్మా, ఏదనిపిస్తే అది చెప్పు."

"ఊహించి చెప్తే తప్పవుతుందిగా?"

"తప్పయితే తప్పే, నాకు ఆ తప్పుల లెక్కే కావాలి."

అప్పటిదాకా తనకి తెలియనివి వదిలేస్తూ వచ్చింది. దాంతో ధైర్యంగా చెప్పిన రోజు ఒక లెక్క, జంకిన రోజు ఇంకో లెక్క వచ్చింది. ప్రతి అక్షరానికీ ఏదో ఒక జవాబు చెప్పి తీరాలని నియమం పెట్టి మళ్ళీ మొదలుపెట్టాం. గుడ్డిగా చెప్పినా 20లో పది ఒప్పవుతాయి కాబట్టి 16 దాటితేనే వరస గెలిచినట్టు.

గెలిచిన చివరి వరస (అంకె ఎంత చిన్నదైతే అంత మేలు):

టీసీ లేకుండా, ఎఫ్/5.6: 8.5 పాయింట్లు
టీసీ లేకుండా, ఎఫ్/8: 8
టీసీ లేకుండా, ఎఫ్/11: 8
టీసీతో, ఎఫ్/8: 7.5
టీసీతో, ఎఫ్/11: 6.5
టీసీతో, ఎఫ్/16: 7.5

టీసీ గెలిచింది. పూర్తిగా తెరిచిన లెన్స్‌తో 8.5 నుంచి 7.5కి, అంటే 13 శాతం. లెన్స్ రంధ్రం ఒక స్టాప్ మూస్తే 8 నుంచి 6.5కి, అంటే 23 శాతం. పేరు మీద ఉన్న 40 శాతం ఎక్కడా రాలేదు. వచ్చి ఉంటే 8 కాస్తా 5.7 అయ్యేది.

ఒక స్టాప్ మూస్తే లాభం ఎందుకు పెరిగిందో చెబుతాను. టీసీ లెన్స్ గీసిన బొమ్మని పెద్దది చేస్తుంది, దానితోపాటు ఆ బొమ్మలోని లోపాలనీ పెద్దవి చేస్తుంది. ఈ జూమ్ ఎఫ్/8కి మూసినప్పుడు ఇంకొంచెం శుభ్రంగా గీస్తుంది, టీసీ వెనక నుంచి అది ఎఫ్/11గా కనిపిస్తుంది. ఎఫ్/16 దగ్గర మళ్ళీ దిగజారడానికి కారణం డిఫ్రాక్షన్, అంటే చిన్న రంధ్రంలోంచి వచ్చే కాంతి పక్కలకి పాకడం. ఆకుపచ్చ కాంతి పడే చుక్క వ్యాసం ఎఫ్/8 దగ్గర 10.7 మైక్రాన్లు, ఎఫ్/16 దగ్గర 21. డీ500 పిక్సెల్ 4.2 మైక్రాన్లే. అంటే ఒక చుక్క అయిదు పిక్సెళ్ళ మీద పరుచుకుంటుంది.

ఇప్పటిదాకా: ఫ్రేములు 446. ఈ దశలో తీసిన 36లో ఒక్కటీ వృథా కాలేదు.

దశ 6: గ్రెయిన్ (ఫొటోలో రవ్వల్లా కనిపించే మచ్చలు) సంగతి

"టీసీ పెడితే ఐఎస్ఓ రెట్టింపు, గ్రెయిన్ రెట్టింపు" అన్న భయం నాకూ ఉండేది. ఫ్లాష్ తీసేసి, మసక వెలుతురులో ఒకే షట్టర్‌తో తీశాను: టీసీ లేకుండా ఎఫ్/5.6, ఐఎస్ఓ 800, టీసీతో ఎఫ్/8, ఐఎస్ఓ 1600. నాలుగేసి ఫ్రేములు.

ఒకే సైజుకి తెచ్చాక గ్రెయిన్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. క్రాప్‌ది ముతకగా, టీసీది సన్నగా ఉంది, అంతే. 500ని 5.6తో భాగిస్తే 89 మిల్లీమీటర్లు, 700ని 8తో భాగిస్తే 87.5. వెలుతురు లోపలికొచ్చే కిటికీ రెండింటికీ ఒకటే. పిట్ట నుంచి వచ్చే వెలుతురూ ఒకటే. దాన్ని టీసీ ఎక్కువ పిక్సెళ్ళకి పంచుతుంది.

ఇప్పటిదాకా: ఫ్రేములు 454.

దశ 7: 70-200, 1.4, రెండు రెట్లు

అద్దె రోజుకి 900, రెండు రోజులు. 200 మిల్లీమీటర్లకి దూరం 6 మీటర్లు చేశాను. 500కి 15 ఎంతో 200కి 6 అంతే కాబట్టి అదే చార్టు పనికొచ్చింది. ఈ లెన్స్‌కి లైవ్ వ్యూ ఫోకస్‌తోనే పని నడిపాను.

200, ఎఫ్/2.8: 8.5
200, ఎఫ్/4: 7.5
1.4 టీసీ (280), ఎఫ్/4: 7
1.4 టీసీ, ఎఫ్/5.6: 6
2 టీసీ (400), ఎఫ్/5.6: 6.5
2 టీసీ, ఎఫ్/8: 5.5
2 టీసీ, ఎఫ్/11: 5

లెన్స్‌ని ఎఫ్/4కి మూసిన స్థితిలో చూస్తే 1.4 టీసీ 25 శాతం ఇచ్చింది, 2 టీసీ 36 శాతం ఇచ్చింది. రెండోది పెట్టినందుకు ఇంకో స్టాప్ పోయింది, బదులుగా వచ్చింది చార్టులో ఒకే ఒక్క వరస. మొదటి 1.4లో ఉన్న సత్తా తర్వాతి 1.4లో లేదు.

ఇక నన్ను చాలామంది అడిగే ప్రశ్న: 70-200 ఉంది, దానికి 2 టీసీ కొంటే 200-500 అవసరం తప్పుతుందా? రెండింటినీ 400 దగ్గర, 12 మీటర్ల దూరం నుంచి తీశాను. 200-500 ఎఫ్/5.6కే 8 వరస గెలిచింది. 70-200కి 2 టీసీ తగిలించి ఎఫ్/8కి మూసినా 10 పాయింట్ల వరసే దాటలేదు, 20కి 13. పిట్టలే పని అయితే ఆ డబ్బు పొడుగు లెన్స్ మీద పెట్టమనే చెబుతాను. పెళ్ళిళ్ళకీ ఆటల పోటీలకీ 70-200 వాడుతూ, ఏడాదికి రెండుసార్లు పిట్టల దగ్గరికి వెళ్ళేవాళ్ళకి 1.4 చాలు.

ఇంకో జాగ్రత్త. ఈ టీసీల ముందు గాజు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. లెన్స్ వెనక గాజు దగ్గరగా ఉంటే రెండూ తగులుతాయి. ఏ లెన్స్‌కి పడుతుందో కంపెనీ జాబితా చూడకుండా తగిలించకండి.

ఇప్పటిదాకా: ఫ్రేములు 508. ఖర్చు 225 + 1800 = రూ. 2025.

దశ 8: మళ్ళీ బయటికి, గాలిని కొలవడానికి

మొదటి రోజు నన్ను మోసం చేసిన గాలినే ఈసారి కావాలని కొలిచాను. చార్టుని నాలుగు రెట్లు పెంచి, ఇంజనీరింగ్ డ్రాయింగులు తీసే షాపులో ప్లాటర్ మీద ప్రింటు వేయించాను. ఫ్లెక్స్ షాపులో అడిగాను కానీ అక్కడి నమూనాలో చుక్కలు కంటికే కనిపిస్తున్నాయి, వద్దనుకున్నాను. థర్మాకోల్ షీటు మీద అంటించి, ఊరి బయట కాలువ గట్టున 60 మీటర్ల దూరంలో నిలబెట్టాను. కొలత నాలుగింతలు, దూరం నాలుగింతలు, కాబట్టి వరసల పేర్లు పాతవే. ఒక్కో వేళకి టీసీతో పది, లేకుండా పది ఫ్రేములు, లెన్స్ ఎప్పుడూ ఒక స్టాప్ మూసే.

ఉదయం 6:15: టీసీ లేకుండా 8, టీసీతో 7. లాభం రెండు వరసలు.
ఉదయం 8:30: లేకుండా 8.5, టీసీతో 8. లాభం ఒక వరస.
ఉదయం 10:30: లేకుండా 10 వరస కూడా గెలవలేదు. టీసీతోనూ గెలవలేదు.

10:30కి తీసిన పది టీసీ ఫ్రేముల్లో ఒక్కటి మాత్రం మిగతావాటికంటే చాలా బాగుంది, గాలి ఒక్క క్షణం నిలిచినట్టుంది. ఆ వేళలో తప్పనిసరైతే ఒకే భంగిమని పది, పదిహేను సార్లు తీసి, మంచిది ఏరుకోవడమే దారి. పార్కింగ్‌లో మూడు వరసలు, ఇక్కడ 6:15కి రెండు వరసలు ఇచ్చిన టీసీ అదే లెన్స్, అదే కెమెరాతో నాలుగు గంటల తేడాలో సున్నా అయింది. దూరంగా ఉన్న పిట్టకే టీసీ కావాలనిపిస్తుంది, దూరం పెరిగేకొద్దీ మధ్యలో గాలి కూడా పెరుగుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం పడటం నన్ను చాలా ఆలోచింపజేసింది. ఇప్పుడు టీసీని దగ్గరగా కూర్చున్న చిన్న పిట్ట కోసం తీస్తున్నాను, దూరపు చెట్టు మీది పెద్ద పక్షి కోసం తియ్యట్లేదు.

ఇప్పటిదాకా: ఫ్రేములు 568. ఖర్చు: ప్లాటర్ ప్రింటు 120, థర్మాకోల్ 80. మొత్తం రూ. 2225.

దశ 9: ఉప్పలపాడు

గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువు. చెరువు నడుమ చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణం పక్షులు. ఊరివాళ్ళు కాపాడుకుంటూ వస్తున్న చెరువు అది. అక్కడ గట్టిగా మాట్లాడకుండా, టవర్ మీద మెల్లగా నడిస్తే పక్షులు మనల్ని పట్టించుకోవు.

చార్టులో ఠ చుక్క ఎలాగో ఇక్కడ గూడబాతు పైముక్కు అంచు వెంట ఉండే చుక్కలు అలాగే పనికొచ్చాయి. ఉదయం 6:30 నుంచి 7:30 దాకా కూర్చున్న పక్షుల మీద 80 ఫ్రేములు, సగం టీసీతో. ఈసారి వ్యూఫైండర్ ఫోకస్, -3, +7 సవరణలతో. దగ్గర చెట్ల మీది గూడబాతుల ముక్కు చుక్కలు టీసీ ఫ్రేముల్లో విడివిడిగా, అంచులతో సహా వచ్చాయి. క్రాప్‌లో చుక్కలున్నాయని తెలుస్తుంది కానీ అంచు మెత్తబడింది. చెరువు అవతలి ఒడ్డు చెట్ల దగ్గర రెండింటికీ తేడా చెప్పలేకపోయాం, మేనకోడలు కూడా చెప్పలేకపోయింది.

ఎగిరే పక్షుల దగ్గర కథ మారింది. టీసీ లేకుండా 60, టీసీతో 60 ఫ్రేములు. కంటి మీద ఫోకస్ నిలిచినవి లేకుండా 41, టీసీతో 17. కారణాలు రెండు. డీ500కి 153 ఫోకస్ పాయింట్లున్నా ఎఫ్/8 దగ్గర పనిచేసేవి నడుమ ఉన్న 15, వాటిలో మనం ఎంచుకోగలిగేవి 9. రెక్క విప్పిన కొంగని ఫ్రేములో ఒక పక్కకి పెడదామంటే అక్కడ పాయింటే ఉండదు. రెండోది, 700 మిల్లీమీటర్లలో పక్షి ఒకసారి ఫ్రేము దాటిందంటే మళ్ళీ పట్టుకోవడం కష్టం. నాలుగుసార్లు ఖాళీ ఆకాశమే తీశాను. ఫోకస్ తప్పిన ఫ్రేముకి 23 శాతం లాభంతో పని లేదు, అందుకని ఎగిరే వాటికి టీసీ తీసేస్తున్నాను.

మార్చుకున్నవి:

1. తెల్లవారి చెరువు దగ్గరికి చేరేసరికే టీసీ తగిలించి ఉంటుంది, లెన్స్ ఒక స్టాప్ మూసి ఎఫ్/11.
2. వెలుతురు చాలక షట్టర్ 500వ వంతు కిందకి పోతుంటే ఎఫ్/8కి తెరుస్తాను, 13 శాతంతో సరిపెట్టుకుంటాను.
3. ఎనిమిదిన్నరకి ఫోన్‌లో అలారం. అది మోగితే టీసీ సంచిలోకి.
4. టీసీ మార్చేటప్పుడు కెమెరా మౌంట్ కిందకి వంచి పట్టుకోవాలి. గట్టు మీద దుమ్ము ఎక్కువ, మూడు ఫ్రేముల్లో ఆకాశంలో మచ్చలు వచ్చాక ఇది నేర్చుకున్నాను.

ఇప్పటిదాకా: ఫ్రేములు 768. ఖర్చు పెట్రోలు 150తో కలిపి రూ. 2375.

తర్వాత

పార్కింగ్ పిల్లర్ మీద చార్టు అలాగే ఉంది. 15 మీటర్ల సుద్దగీత చెరిగిపోతోందని వాచ్‌మన్ మిగిలిన పెయింటుతో దిద్దాడు. వచ్చే శనివారం రాత్రి ఒక మిత్రుడి 150-600 జూమ్ దాని మీదకి వస్తుంది. అది 600 దగ్గర ఎఫ్/6.3, 1.4 టీసీ పెడితే ఎఫ్/9. డీ500 వ్యూఫైండర్ ఫోకస్‌కి హద్దు ఎఫ్/8 కాబట్టి ఆ పరీక్ష అంతా లైవ్ వ్యూలోనే చెయ్యాలి. 15 మీటర్ల గీత దానికి చాలదు, 600కి 18 కావాలి. రెండో గీత గియ్యడానికి మేస్త్రీ టేపు మళ్ళీ అడిగాను.